పాత జీపునకు కొత్త ఇరుసు

మన పట్టణములయందు ఇటీవల పాతజీపులయెడ ఒక అభిమానము మరల మొలకెత్తినది. పశువుల కొట్టముల చెంతనో, రైసుమిల్లుల వెనుకనో, కాఫీతోటల షెడ్లలోనో ఏండ్ల తరబడి తుప్పుపట్టి పడియుండిన విల్లీసు, మహీంద్రా జీపులను వెదకి, బేరమాడి, లారీలపై వేసికొని తెచ్చి, వానికి తిరిగి జీవము పోయవలయునని యువకులు ఉబలాటపడుచున్నారు. ఈ ఉబలాటము మెచ్చదగినదే. కాని ఆ జీపు ఇంటిముంగిట దిగినది మొదలు దానికి జరుగు ఉపచారముల వరుసను చూచినప్పుడు మాత్రము నాకు మనసు కలుక్కుమనును. ముందుగా 33 అంగుళముల టైర్లు వచ్చును. పిదప ఇనుప బంపరు, దీపముల వరుస, రంగు. ఆపైని పాత పెట్రోలు ఇంజను స్థానమున అధికశక్తి గల డీసెలు ఇంజను. ఇన్నియు ముగిసి, చేతిలోని ధనము కూడ ముగిసిన పిమ్మట, ఏ ఘాటు రోడ్డుమీదనో వెనుకచక్రము రాడ్డుతోసహా ఊడి వచ్చిననాడు, ఇరుసు అను భాగమొకటి బండిక్రింద కలదని యజమానికి జ్ఞప్తికి వచ్చును.

ఈ వరుసను తలక్రిందులు చేయవలయునని నా వాదము. పాతజీపును దిద్దు పని టైరు నేలను తాకు చోట మొదలై, హబ్బు, ఇరుసు, క్రౌను, ప్రొపెల్లర్ షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు, గేరుబాక్సు అను క్రమమున లోనికి నడచి, ఇంజనువద్ద ముగియవలయును. అందును, రేపు మనసు మారినచో తిరిగి పూర్వస్థితికి తేదగిన మార్పులనే చేయవలయును. రెంచి పట్టుటకు ముందు కాగితము, పెన్సిలు పట్టి లెక్క వేసికొననివాడు ఎంత ధనము వెచ్చించినను ఆ ధనము ఒక భాగమునుండి మఱియొక భాగమునకు విరుపును తరలించుటకే ఉపకరించును.

జీపు పుట్టుక అందఱెఱిగినదే. 1941 మొదలు 1945 వఱకు అమెరికాలోని టొలీడో నగరమున విల్లీసు-ఓవర్లాండు కంపెనీయు, దానితోపాటు ఫోర్డు కంపెనీయు యుద్ధమునకై ఈ చిన్నబండిని లక్షల సంఖ్యలో నిర్మించినవి. 1945లో స్థాపింపబడిన మహీంద్రా సంస్థ 1947 నుండి బొంబాయిలో విల్లీసు జీపుల విడిభాగములను కూర్చి అమ్మ నారంభించినది. 1953లో విల్లీసువారు సీజే-3బి అను నమూనాను వెలువరించిరి. ఇంజను పరిమాణము పూర్వమువలెనే 134 ఘనపు అంగుళములు, అనగా 2.2 లీటర్లు, కాని గాలిని లోనికి గొనిపోవు వాల్వులను సిలిండరు హెడ్డులోనికి ఎక్కించుటవలన ఇంజను ఎత్తు పెరిగి, దానిని కప్పుటకు బానెట్టును ఎత్తవలసివచ్చినది. మన పల్లెలవారు జీపు అన్నంతనే తలచుకొను ఎత్తైన ముక్కుగల ఆ రూపమునకు కారణమిదియే. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగినను, మనదేశమున ఆ వంశము తరువాతి దశాబ్దములందును కొనసాగినది. నేడు యువకులు వెదకి తెచ్చుచున్న జీపులలో హెచ్చుపాలు ఈ సీజే-3బి గాని, దాని సంతతివి గాని యగుటచే, నా ఉదాహరణములన్నియు దానినుండియే తీసికొందును.

ఈ బండిని రూపొందించినవారు లెక్కతెలిసిన మనుషులు. మూడు గేర్ల టి-90 గేరుబాక్సు, దాని వెనుక రెండు వేగముల స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు, ముందువెనుకల ఇరుసులలో 5.38 నిష్పత్తిగల క్రౌను-పినియను, చక్రములకు 6.00-16 కొలత గల సన్నని టైర్లు: ఇవి నాలుగును ఒకదాని బలమును, వేగమును, బరువును మఱియొకటి ఎఱిగి కూర్చబడినవి. క్రౌనునకు 43 పళ్ళు, పినియనునకు 8 పళ్ళు. 43ను 8చే భాగింపగా వచ్చునదే ఈ 5.38. హౌసింగు మూత విప్పి పళ్ళు లెక్కించినచో ఎవ్వరి సాక్ష్యమును అక్కఱలేకయే బండిలోని నిష్పత్తి ఏదో తెలియును. పాతబండి కొన్నవాడు మొట్టమొదట చేయదగిన పని ఇదియే. ఏలయన, ఇన్నేండ్లలో ఎందఱి చేతులు మారినదో, ఏ మేస్త్రీ ఏ తుక్కుబండినుండి ఏ ఇరుసును తెచ్చి తగిలించెనో ఆర్‌సీ పుస్తకమున వ్రాసియుండదు.

ఇక టైరు మాట. 6.00-16 టైరు ఎత్తు సుమారు 28 అంగుళములు. దాని స్థానమున 31 అంగుళముల టైరు వేసినచో, ఇరుసులో ఒక్క పన్నుకూడ మారకున్నను, ఇంజనునకు తోచు నిష్పత్తి 5.38 నుండి 4.86కు దిగిపోవును, 33 అంగుళములదైనచో 4.56కు దిగును. స్పీడోమీటరు 60 చూపునప్పుడు బండి మొదటి టైర్లతో 66, రెండవ టైర్లతో 71 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. బ్రేకు డ్రమ్ము మాత్రము తన పాత తొమ్మిది అంగుళములకడనే నిలిచియుండును. చక్రము పెరిగినకొలది అది నేలపై చూపగల పట్టు తగ్గుచుండును. నిష్పత్తి తగ్గుటవలన ఎత్తు ఎక్కుటకు బలము చాలదు. బలము చాలదని పెద్ద ఇంజను తెత్తురు. పెద్ద ఇంజను బలమును, పెద్ద టైరు పట్టును రెండు ప్రక్కలనుండి మెలిపెట్టగా నడుమనున్న యాక్సిలు రాడ్డు తెగును. తెగుట రాడ్డు తప్పు కాదు. తడిబురదలో చిన్నటైరు జాఱిపోయి రాడ్డుపైని భారమును తనంతట తానే విడిచిపెట్టెడిది. వెడల్పై, ఎత్తై, మెత్తనై రాతిని కఱచుకొను టైరు అట్లు విడువదు. ఇంజను ఎంతటిదైనను, ఇరుసుపై పడు మెలి టైరు పట్టును మించి పెరుగజాలదు. కనుక ఇరుసు ఎంత బలమైనదై యుండవలయునో నిర్ణయించు అధికారము ఇంజనుకన్న టైరునకే హెచ్చు. ఈ ఒక్క విషయము మనసున నాటుకొన్నచో తక్కిన ప్రణాళిక యంతయు దానంతట అదియే వరుసకు వచ్చును.

అందుచే ఇరుసును గూర్చి ఆలోచించువాడు మొదట తన్ను తాను అడుగవలసిన ప్రశ్న, ఈ బండి ఎక్కడ తిరుగును అనునది. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి ప్రాంతముల మట్టిబాటలు, నల్లమల అంచులలోని రాతిబాటలు, గోదావరి లంకల ఇసుక, ఇవియే మన తెలుగుదేశపు జీపునకు నిజమైన పరీక్షాస్థలములు. వీనిలో దేనికిని 33 అంగుళముల టైరు అక్కఱలేదని నా దృఢవిశ్వాసము. 30 అంగుళములకు కొంచెము పైబడు 7.00-16 టైరు, సన్ననిదై, బురదను చీల్చి అడుగునగల గట్టినేలను పట్టుకొనును, చక్రపు గూడును కోయ నక్కఱలేదు, కమానుకట్టలను ఎత్తనక్కఱలేదు, నిష్పత్తి 4.9 ప్రాంతముననే నిలుచును. అమెరికాలోని యూటా, కాలిఫోర్నియా శిలాప్రదేశములయందు రాళ్ళపై ప్రాకుటయే క్రీడగా పెట్టుకొన్నవారి బండ్ల చిత్రములను చూచి, వారి అవసరమును మన అవసరముగా భావించుట మన జీపులకు జరుగుచున్న పెద్ద అన్యాయము.

వేగము విషయమునను ఇట్లే లెక్క వేయవలయును. మూల నిష్పత్తితో, మూల టైర్లతో గంటకు 80 కిలోమీటర్లు పోవునప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు 3,200 చుట్లు తిరుగును. ట్రాక్టరు ఇంజను వంశమునుండి వచ్చిన డీసెలుకు అది శ్వాస అందని స్థితి. జాతీయరహదారిపై సాగవలెనన్న కోరిక గలవాడు దీనికై క్రౌను-పినియను మార్చి 39కి 8 పళ్ళ 4.88 జతను వేయవచ్చును. కాని వేరొక మార్గము కలదు. స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకవైపున, నాగలికో పంపునకో శక్తి నందించుటకై ఒక ద్వారము విడిచియున్నది. ఆ ద్వారమున అమర్చుటకు అమెరికాలో ఓవర్‌డ్రైవులు తయారైనవి. అవి చుట్లను నాల్గవవంతు తగ్గించును. 3,200 కాస్తా 2,400 అగును. కొండదారిలో దానిని విడిచి మూల నిష్పత్తికి రావచ్చును. దొరుకుట కష్టము, వెల అధికము. ఐనను ఇరుసులు రెంటిని విప్పి నిష్పత్తి మార్చుటకన్న, తుదిలెక్కలో ఇది చౌకయని, పైగా బండిని గాయపఱుపని పద్ధతియని చెప్పగలను.

మెల్లగా ప్రాకు శక్తిని కొలుచుటకు సులభమైన గుణకారమొకటి కలదు. మొదటి గేరు నిష్పత్తిని ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ నిష్పత్తిచేతను, ఆ లబ్ధమును ఇరుసు నిష్పత్తిచేతను గుణింపవలయును. యుద్ధకాలపు జీపునకు 2.665, 1.97, 4.88 గుణింపగా సుమారు 25.6 వచ్చును. సీజే-3బికి 2.798, 2.46, 5.38 గుణింపగా 37 వచ్చును. దానికే 33 అంగుళముల టైర్లు వేసినచో ఫలితము 31కి పడిపోవును; అనగా డబ్బుపోసి బండిని బలహీనపఱచుకొన్నట్లయినది. అదే బండిలో 6.398 మొదటి గేరుగల టి-98 అను నాలుగు గేర్ల బాక్సును అమర్చినచో గుణకారఫలము 84.7. ఇరుసులను ముట్టకయే శక్తి ఇమ్మడికి మించినది. కనుక నాకు ప్రాకుడు శక్తి కావలయునన్నవానికి ఇరుసు నిష్పత్తిని మార్చుమని నేను సలహా యీయను. ముందు గేరుబాక్సు వైపు చూడుమందును. ఐతే ఆ శక్తి అంతయు చివరకు యాక్సిలు రాడ్డులగుండనే పోవలయును గనుక, ఆ రాడ్డులెట్టివో చూడక గేరుబాక్సు కొనరాదు.

సీజే-3బి వెనుక ఇరుసు డానా 44. క్రౌను వ్యాసము ఎనిమిదిన్నర అంగుళములు. ఈ బరువు బండికి అది మిక్కిలి సమర్థమైనది. డానా 44 కొట్టివేసి దానికంటె పెద్దదైన డానా 60నో, లారీ ఇరుసునో తెచ్చి వేసెదమనువారు ఆ భారము కమానుకట్టలపైని కాక చక్రములతోపాటు ఎగురుచు దిగుచు ఉండుననియు, దానివలన బండి నడక మొరటైపోవుననియు గుర్తింపవలయును. పెద్ద ఇరుసులో క్రౌనును దాచు బొడ్డు మఱింత క్రిందికి దిగి రాళ్ళకు తగులును కూడ. డానా 44లో లోపమున్నది క్రౌనులో కాదు, కొసలయందు. దాని యాక్సిలు రాడ్డు చివర శంకువువలె సన్నగిలియుండును. ఆ సన్నని కొసపై హబ్బు బిగియును. రెంటి నడుమ చిన్న ఇనుప చీల, దానిపై నట్టు, నట్టునకు అడ్డముగా పిన్ను. నట్టు ఏమాత్రము వదులైనను హబ్బు శంకువుపైని అటునిటు కదలుచు చీలను నమలివేయును. చీల గాడి మొదట సన్నని పగులు పుట్టి, కంటికి కనబడకయే పెరిగి, ఒకనాడు రాడ్డు తెగును. వెనుకచక్రమును మోయునది ఆ రాడ్డే గనుక, తెగినచో చక్రము నిలువదు.

ఈ హబ్బును విప్పు దృశ్యము చూచినవానికి దాని స్వభావము తెలియును. నట్టు తీసి, తిరిగి రెండు చుట్లు వదులుగా బిగించి యుంచుదురు; లేనిచో హబ్బు ఊడినప్పుడు ఎదుటివాని మోకాలిని విఱుగగొట్టును. పుల్లరును తగిలించి, దాని చెవులపై సమ్మెటతో మోదుదురు. కదలదు. నూనె పోసి రాత్రియంతయు విడిచిపెట్టుదురు. మఱునాడు మరల బిగించి మోదగా, ఏ దెబ్బకో పెద్ద చప్పుడుతో ఒక్కుమ్మడిగా విడివడును. గుడ్డతో తుడిచి శంకువుపైని వ్రేలితో నిమిరినప్పుడు గరుకు తగిలినచో ఆ హబ్బు చాలకాలముగా కదలుచున్నదని అర్థము. ఆ రాడ్డును తిరిగి వాడరాదు. రాడ్డు లోపలి కొసనున్న పళ్ళను కూడ అప్పుడే లెక్కింపవలయును. ఒకే పేరుగల డానా 44లో ప్రాతవానికి 10 పళ్ళు, తరువాతివానికి 19 పళ్ళు ఉండుటచే, లెక్కింపక తెప్పించిన రాడ్డు తిరిగి పార్సిలులో పోవలసివచ్చును.

దీనికి రెండు చికిత్సలు. ఒకటి, హబ్బును, రాడ్డును కలిపి ఒకే ముక్కగా చేసిన ఫ్లాంజి రాడ్డులు వేయుట. రెండవది, చక్రభారమును రాడ్డుమీదినుండి తొలగించి, హౌసింగు కొసన బిగించిన స్పిండిలుపైని రెండు బేరింగులకు అప్పగించుట. దీనిని ఫుల్ ఫ్లోటింగు అందురు. ఇందు రాడ్డునకు త్రిప్పుటయే పని, మోయు పని లేదు. విఱిగినను చక్రము తన చోటున నిలుచును. కొసమూత విప్పి ముక్కలు లాగి కొత్తరాడ్డు దూర్చవచ్చును. యుద్ధకాలపు విల్లీసు జీపులకు వెనుక ఇరుసు ఈ పద్ధతిలోనే యుండెను. శాంతికాలమున పౌరులకు అమ్మిన జీపులలో కొంతకాలమునకే ఆ ఏర్పాటు తొలగినది. సైనికునికి ఇచ్చిన భద్రతను పౌరుని బండికి తిరిగి సంపాదించుట ఇరుసుమీద వెచ్చించు ధనమునకు అత్యుత్తమమైన వినియోగమని నేను భావింతును. మనుషులను ఎక్కించుకొని కొండదారులలో తిరుగు బండికైతే ఇది ఐచ్ఛికము కానేకాదు.

ముందు ఇరుసు కథ వేరు. అది తొలుత డానా 25, తరువాత డానా 27. ఇందు ప్రతి చక్రము మలుపుచోట గుండ్రని మూతగిన్నెలో గ్రీజుతో నిండిన కీలు ఉండును. ఆ గిన్నె అంచు సీలు చెడినచో గ్రీజు కారి, నీరు, ఇసుక లోనికి చేరును. పాతబండ్లలో ముందు ఇరుసు బలహీనమని నిందించువారిలో పలువురి బండ్లు కేవలము ఆ సీలును, కింగుపిన్ను బేరింగులను మార్చినంతనే బాగుపడును. స్టీరింగు వణకుటకు కూడ మూలము తఱచు అక్కడనే యుండును. ముందుచక్రముల హబ్బులను కావలసినప్పుడు కలిపి, అక్కఱలేనప్పుడు విడదీయు పరికరమును 1948లో స్థాపింపబడిన వారన్ అను అమెరికా సంస్థ మొదటి సరుకుగా తయారుచేసినది కూడ ఈ విల్లీసు జీపులకొఱకే. ఆ చిన్న పరికరము ముందు ఇరుసు అరుగుదలను ఎంతో తగ్గించును.

ఇక్కడ ఒక నియమమును కొంచెము గట్టిగానే చెప్పవలసియున్నది. ఈ జీపులో నాలుగు చక్రములకును శక్తి నందించు స్పెషల్ గేరు వేసినప్పుడు ముందు ఇరుసు, వెనుక ఇరుసు ట్రాన్స్‌ఫర్ కేసువద్ద గట్టిగా ఒకటగును. నడుమ సర్దుబాటు చేయు డిఫరెన్షియల్ లేదు. కనుక రెండు ఇరుసుల నిష్పత్తియు సమానమై తీరవలయును. వెనుక 4.88 వేసి ముందు 5.38 విడిచినచో, స్పెషల్ గేరు వేసిన మఱుక్షణమునుండి రెండు ఇరుసులు ఒకదానితో నొకటి పెనుగులాడును. గట్టినేలపై ఏదో ఒకటి తెగువఱకు ఆ పెనుగులాట ఆగదు. ముందు ఇరుసు తరువాత చూచుకొందము, ముందుగా వెనుకది మార్చెదము అనువాడు ఆ తరువాత వచ్చునంతవఱకు స్పెషల్ గేరు పిడిని ముట్టకుండుట మేలు. నిష్పత్తి మార్పునకు అంచనా వేయునప్పుడు ఖర్చు ఎల్లప్పుడును రెండింతలని వ్రాసికొనవలయును.

వేఱొక బండి ఇరుసును తెచ్చి తగిలించుటకు పూనుకొన్నవారు మఱియొక చిక్కును తఱచు మఱతురు. స్పైసర్ 18 కేసు శక్తిని బండి నడిమినుండి కాక కుడిప్రక్కకు త్రోసి వెలికి పంపును. అందుచేతనే విల్లీసు ఇరుసులలో బొడ్డు కుడివైపున ఉండును. బొడ్డు నడుమనుండు ఇరుసును తెచ్చినచో ప్రొపెల్లర్ షాఫ్టు అడ్డముగా వంగి తిరుగవలసి వచ్చును. క్రాసులు త్వరగా అరుగును, బండి గజగజలాడును. కమానుకట్టలను ఎత్తించినప్పుడును అదే జరుగును: ఎత్తు పెరిగినకొలది షాఫ్టు నిలువుగా వాలును, దాని పొడవు చాలక జారుకీలు ఊడివచ్చు స్థితికి చేరును. ఇరుసుల కొలతలు తీసికొనునప్పుడు హబ్బునుండి హబ్బునకు వెడల్పు, బొడ్డు నిలిచిన చోటు, కమానుకట్టల పీఠముల దూరము, పినియను ముక్కు వాలు, ఈ నాలుగును వ్రాసికొనక డబ్బు చేతులు మార్చరాదు. హర్యానాలోని మండీ దబ్వాలీవంటి చోట్ల సైనిక తుక్కునుండి జీపులను నిర్మించు పనివారు ఇట్టి కొలతలను కంటితోనే గ్రహింతురు. కాని వారి కన్ను మనకు లేదు, టేపు కలదు.

విజయవాడ ఆటోనగరులో ఒక చిన్న షెడ్డులో క్రౌను-పినియను అమర్చు ఒక వృద్ధమేస్త్రీ పనిని నేను దగ్గరనుండి చూచితిని. ఆయన మొదట పినియను ముఖముపై చెక్కియున్న సంఖ్యను దీపపు వెలుగున చదివి, క్రౌను వెనుకనున్న జత సంఖ్యతో సరిచూచెను. రెండును ఒకే జతగా పుట్టినవి కానిచో ఆయన పని మొదలుపెట్టడు. పలుచని రేకు వాషర్లను ఒక్కొక్కటిగా పేర్చి, తీసి, మరల పేర్చి పినియను లోతును దిద్దెను. క్రౌను పళ్ళలో నాలుగింటికి నీలిరంగు పూసి, క్రౌనును చేతితో అదిమిపట్టి, పినియనును త్రిప్పి, రంగు చెదరిన మచ్చ పన్ను నడుమ పడినదో, అంచున పడినదో చూచెను. పన్నుకు పన్నుకు నడుమ వదులును డయల్ గేజితో కొలిచెను. అది అంగుళములో వేయింట అయిదు మొదలు తొమ్మిది వంతులలోపున ఉండవలయును. నాలుగుమారులు విప్పి, నాలుగుమారులు బిగించిన పిమ్మట నాతో అన్న మాట ఇది: "బాబూ, మచ్చ నడిమికి రాకపోతే మూత పెట్టను. మూత పెట్టినాక ఏడిస్తే ఏం లాభం?" ఇరుసు పనిలో యజమాని వెచ్చించు ధనమున హెచ్చుభాగము వస్తువులకు కాక ఇట్టి చేతులకు పోవలయును. ఖరీదైన క్రౌను-పినియను తెచ్చి, గేజి లేని షెడ్డులో రెండుగంటలలో బిగించుకొని పోయినచో, వేయి కిలోమీటర్లలోపున అది ఊళలు పెట్టును.

బలమును పెంచునప్పుడు ఏ భాగము ముందుగా తెగవలయునో కూడ యజమానియే నిర్ణయింపవలయును. ఇంటిలో విద్యుత్తు ఎక్కువైనప్పుడు ముందుగా ఫ్యూజు తీగ కరగి తక్కిన సామగ్రిని కాపాడునట్లు, బండిలోను చౌకైనది, చేతికందునది, తెగినను బండి నిలకడను చెఱుపనిది ఒకటి బలహీనముగా మిగులవలయును. నా దృష్టిలో ఆ స్థానము ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసునకు చెందును. నాలుగు బోల్టులు విప్పి దారిలోనే మార్చుకొనవచ్చును. పెట్టెలో రెండు అదనపు క్రాసులుంచుకొన్నవాడు రాత్రికి ఇల్లు చేరును. క్రాసును కూడ బలపఱచి, షాఫ్టును లావు చేసి, రాడ్డులను ప్రత్యేకపు ఉక్కుతో చేయించినవాని బండిలో తెగునది ట్రాన్స్‌ఫర్ కేసు పెంకు. దానిని అడవిలో ఎవ్వడును బాగుచేయలేడు. ఈ కారణముననే డిఫరెన్షియల్ లాకును వరుసలో చిట్టచివరకు నెట్టుచున్నాను. లాకు వేసినప్పుడు ఒక చక్రము గాలిలో నుండగా రెండవ చక్రపు రాడ్డు ఇరుసు భారమంతయు ఒంటరిగా మోయవలసివచ్చును. పాత శంకువు రాడ్డులతో లాకు అమర్చుట ప్రమాదమును కొనితెచ్చుకొనుటయే.

బ్రేకులను గూర్చి చెప్పక ఇరుసు ప్రసంగము ముగియదు. ఈ జీపు చేతిబ్రేకు చక్రములయందు లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదటనున్న డ్రమ్ముపై పనిచేయును. అనగా దాని పట్టు షాఫ్టుగుండ, క్రౌనుగుండ, రాడ్డులగుండ చక్రములకు చేరవలయును. నడుమ ఏది తెగినను చేతిబ్రేకు కూడ దానితోనే పోవును. కాలిబ్రేకుకు ఒకే మాస్టరు సిలిండరు, ఒకే నూనెమార్గము. ఒక్క గొట్టము పగిలినచో నాలుగు చక్రముల పట్టును ఒక్కసారిగా పోవును. ఘాటు రోడ్డుపై వెనుకరాడ్డు తెగి, ఊడిన చక్రము బ్రేకు గొట్టమును తెంచినచో యజమానికి మిగులునది కొండగోడ మాత్రమే. ఇరుసునకు డబ్బు లేదు, టైర్లకు కలదు అనువాడు ఈ ఒక్క దృశ్యమును ఊహించుకొనవలయును. రెండు మార్గముల మాస్టరు సిలిండరు, ముందుచక్రములకు పెద్ద డ్రమ్ములు గాని డిస్కులు గాని, ఇవి ఇరుసు పనితోపాటే, హబ్బు విప్పిననాడే చేయింపదగినవి.

ఇప్పుడు చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములకు విరుద్ధమైన మార్పులను నిషేధించుచున్నది. కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షనును దృఢముగా సమర్థించినది. 2021 జూలైలో కేంద్ర రవాణాశాఖ, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన వాహనములకు ప్రత్యేక నియమములు ప్రకటించి, వానికి విఏ అను అక్షరములు గల నంబరుపలకను ఏర్పఱచినది. కొత్త రిజిస్ట్రేషనునకు 20,000 రూపాయలు, పునర్నమోదునకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించినది. ఛాసిస్సు, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగిన బండి ఆ గౌరవమునకు అర్హము కాదు. ఈ నియమము ఉద్దేశ్యము సమంజసమైనదే. చారిత్రకవస్తువును చారిత్రకవస్తువుగానే ఉంచవలయునన్న తలంపు నాకును సమ్మతమే. ఛాసిస్సును కోసి, పొడిగించి, లారీ ఇంజను ఎక్కించినదానిని పాతజీపు అనరాదు.

కాని భద్రతను పెంచు మార్పును, బండి స్వరూపమును చెఱచు మార్పును ఒకే గాటకట్టుట న్యాయము కాదు. శంకువు రాడ్డు స్థానమున ఫ్లాంజి రాడ్డును, ఒక్కమార్గపు మాస్టరు సిలిండరు స్థానమున రెండు మార్గములదానిని బిగించినవాడు వెల్డింగు చేయలేదు, కోయలేదు, బోల్టులు మాత్రమే విప్పి బిగించినాడు. బయటినుండి చూచువానికి తేడాయే కనబడదు. అట్టి యజమాని తనిఖీకి వచ్చినప్పుడు అతనికి అనుమతి దొరకునో దొరకదో అధికారి ఇష్టాయిష్టములపై ఆధారపడరాదు. తెలుగు రాష్ట్రముల రవాణాశాఖలు రెండును కలిసి, పాత జీపుల విషయమున అనుమతింపదగిన మార్పుల పట్టికనొకదానిని సిద్ధపఱచి, కేంద్రమునకు సమర్పింపవలయునని కోరుచున్నాను. ఆ పట్టికలో ఫ్లాంజి రాడ్డులు, ఫుల్ ఫ్లోటింగు హబ్బులు, రెండు మార్గముల బ్రేకులు, డిస్కు బ్రేకులు, కూర్చున్నవారికి బెల్టులు, బోల్టులతో అమరు ఓవర్‌డ్రైవు ఉండవలయును. ఛాసిస్సు కోత, కమానుకట్టల ఎత్తు, మూల కొలతను మితిమీఱిన టైర్లు అందు ఉండరాదు. మార్పు చేసిన షెడ్డు వాడిన భాగముల వివరము, క్రౌను అమరిక కొలతలు వ్రాసి సంతకము చేయవలయును. రవాణాశాఖ ఇంజనీరు బండిని నడిపి, బ్రేకు పరీక్షించి, రిజిస్ట్రేషను పత్రమున ఆ మార్పును నమోదు చేయవలయును. అట్టి పట్టిక వెలువడువఱకు యజమానులు తాము తీసిన ప్రతి పాతభాగమునకు చీటి కట్టి, గ్రీజు పూసి, పెట్టెలో భద్రపఱచి, కొత్తభాగముల రసీదులను దానితోనే ఉంచవలయును. తనిఖీలో అభ్యంతరము వచ్చినచో ఒక్కదినములో జీపును తిరిగి మూలరూపమున నిలుపగలిగినట్లుండవలయును.